అశ్వత్థప్ప సూది

"ఆ గిన్నె ఇట్లియ్యి."

"ఇయ్యను."

"మంజులా, ఆవు ఆడ నిలబడలేక కాళ్ళు మారుస్తా ఉండాది. ఇయ్యి."

"డాక్టరు వచ్చేదాకా దానికి సూది వెయ్యొద్దని చెప్పినాడా లేదా? నీ ముందరే చెప్పినాడా లేదా?"

మంజులమ్మ వంటింటి గడపలో నిలబడి ఉంది. ఆమె చేతిలో గుడ్డ చుట్టిన సత్తుగిన్నె. అందులో మరిగిన నీళ్ళు, నీళ్ళ అడుగున గాజు సిరంజి, సూదులు. గడప అవతల అశ్వత్థప్ప. పెళ్ళయినప్పటి నుంచీ ఆయన చేయి చాచి అడిగిన వస్తువును ఆమె ఇవ్వననడం ఇదే మొదలు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అందుకే ఇద్దరి గొంతులూ పెరగలేదు.

పెరట్లోంచి కెంపి మూలుగు వినిపించింది.

కెంపి ఉన్న ఇల్లు అంటే చాలు, సూళగిరిలో బస్సు దిగినవాళ్ళకు ఎవరైనా దారి చూపిస్తారు. జెర్సీ పోలిక, ఎర్రటి ఒళ్ళు, నేలను తాకేటట్టు పొదుగు. కృష్ణగిరి పశువుల ప్రదర్శనలో దానికి వచ్చిన కప్పును అత్తగారు చిక్కమ్మ దేవుడి గూటిలో పెట్టుకుంది. ఆ పొదుగే ఇప్పుడు వెనకవైపు రాయిలా గట్టిపడింది. పితికితే పాలకు బదులు పచ్చటి నీళ్ళు, నీళ్ళలో విరిగిన పెరుగు లాంటి తునకలు. అశ్వత్థప్ప సూది వేశాడు. వాపు తగ్గింది. మళ్ళీ వచ్చింది. ఈసారి ఎక్కువ మందు వేశాడు. తగ్గనేలేదు.

"చూస్తా చూస్తా ఊరుకోమంటావా?" అన్నాడు అశ్వత్థప్ప. "ఈ చేత్తో ఎన్ని ఆవుల్ని లేపినానో నీకు తెలీదా?"

"తెలుసు. ఊరంతా చెప్తా ఉంటే విని మురిసిపోయినదాన్ని నేనే కదా."

అది నిజం. గొంతువాపు రోగం వచ్చిన వానాకాలంలో వంక పొంగి డాక్టరు రాలేకపోతే, గోనెసంచి నెత్తిన కప్పుకుని, మందు సీసాలు పంచెలో కట్టుకుని, ఇంటింటికీ తిరిగిన మనిషి అశ్వత్థప్ప. ఎవరి దగ్గరా కాఫీ నీళ్ళు కూడా తాగలేదు. ఆ ఏడు నుంచి ఆయన పేరు సూది అశ్వత్థప్ప. ఆ పేరు వినబడినప్పుడల్లా మంజులమ్మకు ఒళ్ళు కొంచెం నిటారు అయ్యేది.

"ఆడోళ్ళ చేతిలో గిన్నె లాక్కునే మొగోడు మా వంశంలో లేడు." ఇంటి ముందరి తాళ్వారంలో కూర్చుని ఆకువక్క దంచుకుంటున్న చిక్కమ్మ తల ఎత్తకుండా అంది. "మొగుడి మాట కాదనే ఆడది కూడా లేదు."

వక్క దంచే చప్పుడు ఆగింది. అప్పుడే వీధిలో మోటారు సైకిల్ చప్పుడు.

*

పశువుల డాక్టరు రామకృష్ణప్ప నేరుగా కొట్టంలోకి వెళ్ళాడు. కెంపి పొదుగు మీద చేయి వేసి చూశాడు. పక్కన కట్టేసిన చుక్కిని చూశాడు. చుక్కి కెంపి కూతురు. ఈని నెల కూడా కాలేదు. మెరుస్తున్న చర్మం, మెత్తటి పొదుగు. దాన్ని చూసి డాక్టరు నిట్టూర్చడం మంజులమ్మకు అర్థం కాలేదు.

"పరీక్షకు పంపిన పాల సంగతి తెలిసింది," అన్నాడు డాక్టరు, చేతులు సబ్బుతో కడుక్కుంటూ. "అశ్వత్థప్పా, కూర్చో."

"నిలబడే వింటాను సార్."

"కెంపి పాలల్లో ఉండే క్రిమిని గాజుపళ్ళెంలో పెంచినారు. మందు తడిపిన కాగితం బిళ్ళలు దాని మీద పెట్టినారు. మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ క్రిమి చచ్చిపోయి, ఆ మేర ఖాళీగా కనబడుతుంది. నువ్వు వేసే పెన్సిలిన్ బిళ్ళ చుట్టూ ఖాళీయే లేదు. పక్కన పెట్టిన ఇంగొగ మందు బిళ్ళకూ లేదు. బిళ్ళను ఆనుకోని మరీ పెరిగినాయి. మందు పక్కనే కాపురం పెట్టినాయి."

చిక్కమ్మ నవ్వింది. "పెన్సిలిన్‌కు చావని పురుగు ఉంటుందా? ఏం మాటలప్పా ఇవి!"

"ఉంటుంది పెద్దమ్మా. మనమే తయారు చేసుకున్నాము." డాక్టరు మాట నెమ్మదిగానే ఉంది. "వాపు తగ్గినట్టు కనబడితే సూది ఆపేస్తాము. సీసాలో మిగిలినది ఇంగొగ ఆవుకు రవంత వేస్తాము. ఆ రవంత మందుకు మెత్తటి క్రిములు చస్తాయి. గట్టివి బతుకుతాయి. బతికినవి పిల్లలు పెడతాయి. ఆ పిల్లలు ఇంగా గట్టివి."

మనమే అన్నాడు గానీ, ఆ మాట ఎవరికి తగలాలో వాళ్ళకు తగిలింది. మంజులమ్మ మొగుడి వైపు చూడలేదు. ఆయన చేతుల వైపు చూసింది. అవి పంచె అంచును మెలిపెడుతున్నాయి.

"మీరు పదైదు దినాలకోసారి వస్తారు సార్." అశ్వత్థప్ప పంచె అంచు వదిలేశాడు. "ఆవు ఒరిగిపోయిన రాత్రి ఈ ఊళ్ళో ఎవరుండారు? వంక పొంగినప్పుడు ఎవరుండారు? నేనుండినాను. మందు సగం వేసినానంటే, షాపులో సగమే దొరికింది కాబట్టి వేసినాను. అప్పుడు బతికిన ఆవుల్ని లెక్క పెట్టండి. పెట్టి అప్పుడు మాట్లాడండి."

డాక్టరు కడిగిన చేతులు తుడుచుకున్నాడు.

"నువ్వు చెప్పేది అబద్ధం కాదు," అన్నాడు. "నేను చెప్పేదీ అబద్ధం కాదు. కెంపికి ఇంగ ఏ సూదీ వెయ్యొద్దు. ఆ వెనక భాగాన్ని పాలు రాకుండా ఎండగట్టేస్తాము. కెంపిని అన్నింటి తర్వాత పితకాల. పాలు గుంటలో పొయ్యాల, సొసైటీ క్యానులో కాదు. పితికిన చెయ్యి సబ్బుతో కడగందే ఇంగొగ ఆవును ముట్టొద్దు. ఆ క్రిమి పోయేది పితికే చేతుల మీదనే." కొంచెం ఆగాడు. "చుక్కి పాలూ పరీక్ష చేసినారు. దాంట్లోనూ అదే ఉండాది."

"చుక్కికా?" మంజులమ్మ ముందుకు వచ్చింది. "దానికి వాపే లేదు కదా సార్!"

"ఇప్పటికి లేదు. లోపల ఉండాది. రేపు వస్తుందో, వచ్చే ఈతకు వస్తుందో చెప్పలేను. రాకుండానే పక్క ఆవుకు అంటించనూ వచ్చు. దాన్ని ఇంగొగరి కొట్టంలోకి మాత్రం తోలొద్దు."

ఇంట్లో వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

డాక్టరు అది గమనించలేదు. బండి ఎక్కుతూ, "నువ్వు సూది వేసిన ఆవులు ఏయే ఇండ్లల్లో ఉండాయో నాకు తెలియాలప్పా. అన్నిటి పాలూ చూడాల," అన్నాడు.

అశ్వత్థప్ప కొట్టంలోకి తిరిగి వెళ్ళిపోయాడు.

*

చుక్కిని ఇంకొకరి కొట్టంలోకి తోలవలసిన రోజు అదే.

పక్క పల్లె కదిరప్పకు మాట ఇచ్చి నెల దాటింది. గొర్రెలు మేపుకునే మనిషి. కంపెనీలు వచ్చి బీళ్ళకు కంచెలు పడ్డాక మేపడానికి చోటు లేక, మందలో సగం అమ్మేసి పాడి పెట్టుకుందామనుకున్నాడు. కెంపి కూతురే కావాలన్నాడు. వేరే ఆవు వద్దన్నాడు. ఆ మాటకు అశ్వత్థప్ప ఛాతీ ఉప్పొంగింది. చిక్కమ్మే తాంబూలం ఇచ్చి పుచ్చుకుంది. ఈ మధ్యాహ్నం మంచి గడియ చూసుకుని కదిరప్ప, పెండ్లాం మారక్క వస్తున్నారు.

"తోలేయండి," అంది చిక్కమ్మ.

"అత్తా!"

"దానికేం? కడిగిన ముత్యం మాదిరి ఉండాది. వాడు చూసి, మెచ్చి అడిగినాడు. మనమేమన్నా తీసుకుపోయి అంటగట్టినామా? ఎక్కడో గాజుపళ్ళెంలో ఏదో మొలిచిందంట, దానికి నేను ఇచ్చిన మాట తప్పాల్నా?"

"వాళ్ళ ఇంట్లో రేపు పొదుగు వాస్తే?"

"వాయదు."

"వాస్తే?"

"వాస్తే వాళ్ళ చేత్తో పితికినారు, వాళ్ళు మేపినారు, వాళ్ళ తలరాత. ఊళ్ళో అందరి ఆవులకూ పొదుగులు వాయవా?" చిక్కమ్మ గొంతు తగ్గించింది. "వద్దని చెప్తే, ఎందుకు వద్దని అడుగుతాడు వాడు. అప్పుడు ఏం చెప్తావు? నీ మొగుడి సూదిని పురుగులు లెక్కచేయడం లేదని చెప్తావా? ఈ ఊరికి దేవుడి మాదిరి ఉండాడు నా కొడుకు. నీ నోటితో వాణ్ణి దించుతావా?"

మంజులమ్మకు అత్త అన్నదానిలో ఒక్కటి మాత్రం బాణంలా దిగింది. ఆయన్ను దించడం ఆమెకూ ఇష్టం లేదు. ఎవరైనా ఆయన్ను పల్లెత్తు మాట అంటే ఆ ఇంటి నీళ్ళు ముట్టని మనిషి తాను.

అశ్వత్థప్ప కొట్టం గోడకు ఆనుకుని నేలను చూస్తూ నిలబడ్డాడు.

"ఏమన్నా మాట్లాడు," అంది ఆమె.

ఆయన కాలితో ఒక గడ్డి పోచను పక్కకు తోశాడు.

"నువ్వు చెప్పకపోతే నేను చెప్తాను. అత్త తిట్టినా సరే, నువ్వు కొట్టినా సరే. ఈ ఇంట్లో నుంచి పోయే పాలల్లో ఒక చెంబు నీళ్ళు కలిసినాయని ఇంతవరకూ ఎవరూ అనలేదు. ఆ గొప్ప నీ సూది గొప్ప కన్నా ముందు నుంచీ ఉండాది."

ఆయన తల ఎత్తి ఆమెను చూశాడు. కోపమో, మరేమిటో ఆమెకు తెలియలేదు. చెంబు తీసుకుని బావి వైపు వెళ్ళిపోయాడు.

*

కదిరప్ప కొత్త తాడు భుజాన వేసుకుని వచ్చాడు. మారక్క పళ్ళెంలో పసుపు కుంకుమ, చామంతి దండ. ఇద్దరూ ఉతికిన బట్టలు కట్టుకున్నారు. పండగకు వచ్చినట్టు వచ్చారు.

"ఏం పెద్దమ్మా, బాగుండావా? మా లక్ష్మిని పంపిస్తావా మరి?" అన్నాడు కదిరప్ప, అరుగు మీద కూర్చోకుండానే.

"రాప్పా, కూర్చో. మజ్జిగ తాగు." చిక్కమ్మ లేచి తానే కొట్టం వైపు నడిచింది. చుక్కి పలుపు విప్పింది. మారక్క వంగి ఆవు కాళ్ళకు పసుపు పూసింది. దండ వేసింది. చుక్కి మెడ ఊపింది. మారక్క ముఖంలో సంతోషం మంజులమ్మ చూసింది.

ఇంక ఆగితే లాభం లేదు. ఆమె ఒక అడుగు వేసింది. "కదిరప్పా, ఒగ మాట..."

"నువ్వుండు మంజులా."

వెనక నుంచి అశ్వత్థప్ప. బావి దగ్గర తల మీద నీళ్ళు పోసుకున్నట్టున్నాడు. జుట్టు నుంచి నీళ్ళు కారుతున్నాయి. తన నోరు మూయిస్తున్నాడు అనుకుంది మంజులమ్మ. ఇన్నాళ్ళు తాను తల ఎత్తుకుని తిరిగింది ఈ మనిషిని చూసుకునేనా అనుకుంది.

ఆయన వచ్చి తల్లి చేతిలోంచి పలుపు తీసుకున్నాడు. చుక్కిని మళ్ళీ గుంజకు కట్టేశాడు.

"కదిరప్పా, ఈ ఆవును నీకు ఇయ్యలేను."

"అంటే? ఎవరన్నా ఎక్కువ ఇస్తామన్నారా?"

"లేదు. దీని పొదుగులో రోగం ఉండాది. పైకి కనబడదు. నువ్వు పితికి చూసినా కనబడదు. డాక్టరు పరీక్ష చేసి చెప్పినాడు. కెంపికి వచ్చిందే దీనికీ ఉండాది. ఆ రోగం సూదికి లొంగదు." ఊపిరి తీసుకున్నాడు. "లొంగకుండా చేసింది నా సూదే. అరాకొరా మందు వేసి, ఆ క్రిమికి మందును అలవాటు చేసినాను. తెలిసి చెయ్యలేదు. చేసింది మాత్రం నేనే."

"ఒరే!" చిక్కమ్మ కేక వేసింది.

దండ వేసుకున్న చుక్కి గడ్డి నములుతూనే ఉంది.

మంజులమ్మ కళ్ళు చెమర్చాయి. అవి ఏడుపు కన్నీళ్ళు కావు. వానలో గోనెసంచి కప్పుకుని ఇంటింటికీ తిరిగిన రోజు కూడా ఆమెకు ఈయన ఇంత పొడుగ్గా కనబడలేదు.

"మందలో సగం అమ్మేసినానప్పా నేను," అన్నాడు కదిరప్ప. "నా కొడుకు వద్దని తలకొట్టుకున్నాడు. అశ్వత్థన్న ఇంటి ఆవురా, ఇంగేం చూడక్కర్లేదురా అని వాడి నోరు మూయించినాను. ఇప్పుడు ఏ ముఖం పెట్టుకోని పోయేది? చెప్పు."

"తిట్టు. పడతాను."

"తిడితే ఆవు వస్తుందా?"

ఆవు కాళ్ళకు పూసిన పసుపు మారక్క వేళ్ళకు ఇంకా ఉంది. "అన్నా," అంది. "మా ఇంటి నాటావుకు పోయిన కార్తీకంలో సూది వేసింది నువ్వే కదా? దాని చన్ను ఒగటి అప్పట్నుంచి గట్టిగానే ఉండాది. దాంట్లోనూ అదే ఉంటుందా?"

అశ్వత్థప్ప కళ్ళు వాల్చాడు. "ఉండొచ్చు, మారక్కా. చూడాల. నీ ఇంట్లోనే కాదు, నేను పోయిన ప్రతి ఇంట్లోనూ చూడాల."

"ప్రతి ఇంట్లోనా?" చిక్కమ్మ అడ్డం వచ్చింది. "ఇంటింటికీ పోయి నీ తప్పు నువ్వే దండోరా వేసుకుంటావా? మీ నాయన పేరేం కావాల?"

"మా నాయన పేరు చెప్పుకోనే పోయి సూదులు వేసినాను. ఆ పేరుతోనే పోయి ఇదీ చెప్తాను." తువ్వాలు భుజాన వేసుకున్నాడు. వీధిలోకి దిగాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

చిక్కమ్మ ఆయన పోయిన వైపే చూస్తూ నిలబడింది. ముసలి ముఖం ఎర్రబడింది. తిడుతుందనుకుంది మంజులమ్మ. ఏడుస్తుందేమో అని కూడా అనుకుంది. చిక్కమ్మ కొంగు నడుముకు దోపి, కదిరప్ప వైపు తిరిగింది.

"తాంబూలం పుచ్చుకున్న ఇల్లు ఇది. ఉత్త తాడుతో నిన్ను పంపేది లేదు. గడ్డివామి దగ్గర తొలిచూలు పెయ్య ఉండాది చూడు, నల్లది. ఇంతవరకూ దాని ఒంట్లో ఒగ సూది దిగలేదు. ఈ కొట్టంలో ఒగ పొద్దు కట్టలేదు. దాన్ని తోలుకోనిపో."

మంజులమ్మ వామి వైపు తిరిగింది.

ఆ పెయ్య తనది. దూడగా ఉన్నప్పుడు దాన్ని తన నాయన పుట్టిల్లు బాగలూరు నుంచి నడిపించుకుని వచ్చి ఇచ్చి పోయాడు. ఆయన చేతి మీదుగా వచ్చిన చివరి వస్తువు అదే. ఆ సంగతి అత్తకు తెలుసు. ఇంట్లో అందరికీ తెలుసు. చిక్కమ్మ తన మాట నిలబెట్టుకోవడానికి కోడలి సొత్తు తీసి ఇస్తోంది, అడగనైనా అడగకుండా.

"అత్తా, అది నాది."

"తెలుసు. ఈ ఇంటి మాట మాత్రం నీది కాదా? పొద్దున్నుంచీ నువ్వే కదా గొప్ప గొప్ప అన్నావు?"

అత్తాకోడళ్ళు ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకున్నారు. చిక్కమ్మ చూపులో ఎత్తిపొడుపు ఉంది. దాని అడుగున, ఎప్పుడూ లేనిది, ఒక బతిమాలడం కూడా ఉంది. మంజులమ్మ ముందు ఎత్తిపొడుపునే చూసింది. తర్వాత రెండోదీ చూసింది.

వామి దగ్గరికి వెళ్ళింది. పెయ్య గంగడోలు నిమిరింది. తాడు విప్పి నడిపించుకుని వచ్చి మారక్క ముందు నిలబెట్టింది.

"నేను ఇస్తా ఉండాను, మారక్కా. ఇది నా చేత్తో ఇస్తా ఉండేది. అత్త చెప్పిందని కాదు. తీసుకో."

మారక్క చేయి చాచింది. మళ్ళీ వెనక్కి తీసుకుంది.

"యాడ కట్టేదమ్మా దీన్ని?"

"అంటే?"

"మా కొట్టంలో నాటావుకు ఆ రోగం ఉందో లేదో తెలీదు. ఉంటే నేనే దీనికి అంటగట్టినట్టవుతుంది. ఈడ ఉంచుదామంటే మీ కొట్టంలో ఉండాది. ఊళ్ళో ఏ ఇంటికి తోలినా అశ్వత్థన్న సూది పోయిన ఇల్లే." ఆమె గొంతులో కోపం లేదు, బెంగ ఉంది. "మచ్చలేని బిడ్డ ఇది. దీన్ని యాడ పెట్టేది?"

కదిరప్ప నెత్తి గోక్కున్నాడు.

"చేలో నీళ్ళ మోటారు కొట్టు ఉండాది కదా," అంది మంజులమ్మ చివరికి. "పశువు అడుగు పెట్టని చోటు. అందరి పాలూ చూసి డాక్టరు సరే అనేదాకా ఆడ కడదాము. నేనూ ఆడనే ఉంటాను. పాలు పితికే చేతులు దీని దగ్గరికి రాకూడదు."

"ఇల్లు?" అంది చిక్కమ్మ.

"ఇల్లు నువ్వు చూసుకో అత్తా. కెంపిని నువ్వు పితుకు. సబ్బుతో చెయ్యి కడుక్కోని."

చిక్కమ్మ తన చేతుల వైపు చూసుకుంది.

అప్పుడే వీధి చివర నుంచి కేక వినిపించింది. చివరింటి కేశవప్ప గొంతు. ఆ గొంతు ఊరంతా గుర్తుపడుతుంది.

"నా ఎర్రావు ఎండిపోయింది నీ సూదికేనా అయితే? ఇన్నాళ్ళూ దండం పెట్టినాను కదరా నీకు! చెప్పు! అందరూ రండి, ఈడు చెప్పేది వినండి!"

తలుపులు తెరుచుకున్న చప్పుళ్ళు. ఆడవాళ్ళ గొంతులు. ఎవరో పరుగెత్తిన అడుగులు. అశ్వత్థప్ప గొంతు మాత్రం వినబడలేదు. ఎంత చెవి ఒగ్గినా వినబడలేదు.

"పోవద్దు," అంది చిక్కమ్మ. "కోపం మీద ఉండారు. ఆడదానివి, పోవద్దు."

చేలకు పోయే దారి కుడివైపు. కేకలు ఎడమవైపు.

మంజులమ్మ తాడు మారక్క చేతిలో పెట్టింది. "దీన్ని చేలోకి నడిపించు. నేను వస్తాను," అంది.

కొంగు సర్దుకుని, తల దించుకోకుండా, జనం మూగుతున్న వైపు నడిచింది.